ఎడమచేతి ఓనమాలు

2019వ సంవత్సరమున విజయదశమినాడు మా యమ్మాయికి అక్షరాభ్యాసము చేసితిమి. దానికప్పటికి నాలుగేండ్లు నిండినవి. పళ్లెములో బియ్యము పోసి సమముగా పరచి, పసుపుకొమ్మొకటి దాని చేతికిచ్చితిమి. అది కొమ్మును కుడిచేత నందుకొని, వెంటనే యెడమచేతిలోనికి మార్చుకొని, బియ్యముమీద నొక గీత గీచెను. "అయ్యో, ఆ చెయ్యి కాదమ్మా" అని మా అమ్మ కేక వేసినది. పురోహితుడు మంత్రమాపి నా మొగము చూచెను. నేను బిడ్డ వెనుక కూర్చుండి, కొమ్మును మరల కుడిచేతిలో నుంచి, ఆ పిడికిలిని నా పిడికిట బిగించి ఓనమాలు వ్రాయించితిని. అక్షరములు గుండ్రముగా వచ్చినవి. చుట్టపక్కాలు సంతోషించి అక్షతలు చల్లిరి. బిడ్డ మాత్రము పళ్లెమువంక చూడక నా చేతివంక చూచుచుండెను. ఆ వ్రాత తనది కాదని దానికి నాకంటె ముందుగనే తెలిసియుండును.

నేను బడిపంతులను. ఇరువదేండ్లనుండి పిల్లలకు చదువు చెప్పి బ్రదుకుచున్నాను. సంస్కృతమును, ఆంగ్లమును కొంతకొంత చదివినవాడను. ఇట్టివాడనై యుండియు, ఆనాడు పట్టిన పిడికిలిని వదలుటకు నాకొక సంవత్సరము పట్టినది. ఈ మాట పదిమందిలో చెప్పుకొనుట సిగ్గుగనే యున్నది. అయినను చెప్పుచున్నాను. ఏలయన, నా యింట జరిగినది నా యింట మాత్రమే జరుగునది కాదు. నేను చేసిన తప్పు నా బిడ్డతోనే మొదలైనదియు కాదు.

మన యాచారములలో కుడిచేతికున్న గౌరవము ఎడమచేతికి లేదు. క్రొత్తకోడలు కుడికాలు ముందుపెట్టి గడప దాటవలెను. తీర్థప్రసాదములు కుడిచేతనే పుచ్చుకొనవలెను. రూకలిచ్చినను, పుచ్చుకొన్నను కుడిచేతనే జరుగవలెను. నమ్మిన మనుష్యుని కుడిభుజమందుము. శ్రద్ధలేక చేసిన పనిని ఎడమచేతితో చేసినాడందుము. కుడుచు చేయి గనుకనే అది కుడిచేయి యైనదని మా నాయనమ్మ చెప్పుచుండెడిది. ఎడమచేతివాటము గల పిల్లవానిని "పుర్రచేతివా"డని పిలుచుటలో ఎగతాళియే గాని ముద్దు కనబడదు. ఈ మాటలు నేను పుట్టినప్పటినుండి వినుచున్నవే. వానిలో నొక్కటియు నన్నెన్నడును గ్రుచ్చుకొనలేదు. నాది కుడిచేయి గదా!

సంస్కృతము చదువుకొన్నవానికైనను అనుమానము పుట్టవలసినది. మనము "పని సవ్యముగా జరిగిన"దని సంతోషింతుము. "అపసవ్యమైన"దని విచారింతుము. ఆ సవ్యశబ్దమునకు సంస్కృతమున ఎడమ యని యర్థము. యజ్ఞోపవీతము ఎడమభుజముమీద నుండుట సవ్యము. పితృకార్యమున దానిని కుడిభుజముమీదికి మార్చుట అపసవ్యము. ఎడమను చెప్పు మాటయే మన నోట చక్కదనమును చెప్పు మాటగా నున్నది! వామశబ్దము సంగతియు నంతియే. అది ఎడమను చెప్పును, వక్రమును చెప్పును, మనోహరమును గూడ చెప్పును. వామలోచన యనగా అందమైన కన్నులు గలది. ఎడమకన్ను గలది యని యెవడును అర్థము చెప్పడు. విరాటపర్వమున అర్జునుడు ఉత్తరునకు తన పది పేళ్లును వివరించుచు, రెండు చేతులతోను గాండీవము నాకర్షింపగలవాడగుటచే తనకు సవ్యసాచి యను పేరు వచ్చెనని చెప్పుకొనును. ఆ కథను నేను తరగతిలో ఎన్నిసార్లో చెప్పితిని. సవ్యసాచిని పొగడుచు, ముందు వరుసలోనున్న పిల్లవాని ఎడమచేతిని మందలించితిని. ఈ రెండును ఒకే నోట నెట్లు వచ్చెనో ఇప్పుడు తలచుకొన్న నాకే వింతగా నుండును.

ఆ పిల్లవాని కథ చెప్పవలెను. అది 2005వ సంవత్సరము. నేను ఉద్యోగమునకు క్రొత్త. నా తరగతిలో తొమ్మిదేండ్ల బాలుడొకడుండెను. తల్లి కూలిపని చేసి వానిని చదివించుచుండెను. వాడు వాగుడుకాయ. నోటిలెక్కలలో వానికి సాటి లేడు. నేను ప్రశ్న ముగింపకముందే వాని చేయి లేచెడిది. ఆ లేచునది ఎడమచేయి. వ్రాయునదియు ఎడమచేయియే. పాఠశాలకు వచ్చిన పెద్దలెవరైనను చూచిన బాగుండదనియు, రేపు పరీక్షలలో వెనుకబడుననియు, నాకు తోచిన కారణములన్నియు నాకు నేనే చెప్పుకొని, వాని చేయి మార్పవలెనని పూనుకొంటిని. కొట్టలేదు. వ్రాతపని మొదలుపెట్టునపుడు నా చేతిరుమాలుతో వాని ఎడమపిడికిలిని చుట్టి ముడివేసెడివాడను. కొట్టలేదు గనుక నేను దయగల ఉపాధ్యాయుడ ననుకొంటిని.

మూడు మాసములలో వాడు కుడిచేత వ్రాయనేర్చెను. అక్షరములు ఒకదానిమీద నొకటి పడుచుండెను. అందరికంటె ముందు ముగించువాడు అందరికంటె వెనుక ముగించుచుండెను. అదంతయు కొన్నాళ్ల ముచ్చట యనుకొంటిని. కాని లెక్క అడిగినపుడు లేచెడి చేయి లేచుట మానినది. నేను దానిని క్రమశిక్షణ యనుకొంటిని. సంవత్సరాంతమున వాని తల్లి వచ్చి, చేతులు జోడించి, "మావాడి చెయ్యి మార్చేరు, మీ పుణ్యముంటుంది బాబూ" అన్నది. ఆ నమస్కారమును నేను స్వీకరించితిని. మరుసటియేడు వారు పనికై మరియొక యూరికి పోయిరి. తరువాత వాని జాడ నాకు తెలియలేదు.

2020వ సంవత్సరము మార్చి మాసమున కరోనా మూలమున బడులన్నియు మూతపడినవి. పిల్లలకు బడి లేదు. పంతులకును బడి లేదు. అయిదవయేట నున్న మా యమ్మాయికి ఇంటిలో పలక పట్టించి చదువు మొదలుపెట్టితిని. కుడిచేత వ్రాయుమంటిని. అది తండ్రిమాట జవదాటని పిల్ల, వ్రాసెడిది. "అ" యొక్క సున్న సగమునకు వచ్చుసరికి బలపము జారిపోయెడిది. బలపము నంతగట్టిగా నొత్తిపట్టుటచే వ్రేలికొనలు తెల్లబడెడివి. అర్ధగంట గడచునప్పటికి "కడుపు నొప్పి నాన్నా" అనెడిది. నాకు కోపము వచ్చెడిది. నా భార్య, "పోనీండి, చిన్నపిల్ల గదా" యనగా, "అలవాటు ఇప్పుడు కాకపోతే ఎప్పుడవుతుంది?" అని నేనడుగుచుంటిని.

ఆరువారములు గడచిన తరువాత నొకనాటి మధ్యాహ్నము, నేను నిద్రలేచి వసారాలోనికి పోవుచుండగా, తలుపుచాటున అది నేలమీద కూర్చుండి వ్రాసికొనుచుండెను. ఎడమచేత వ్రాయుచుండెను. "అ" మొదలు "ఋ" వరకు ఒక వరుస తీర్చినది. అక్షరములు నిలుకడగా నున్నవి. నాకు తెలియకుండ అది ఎంతకాలమునుండి సాధన చేయుచుండెనో! నా యడుగుల చప్పుడు విని, ఉలికిపడి, మోచేతితో పలకనంతయు తుడిచివేసినది. "తుడిచేశాను నాన్నా, ఏమీ లేదు" అన్నది.

చదువరులారా, దొంగతనము చేసిన బిడ్డ వస్తువును దాచును. అబద్ధమాడిన బిడ్డ నిజమును దాచును. మా బిడ్డ తాను నేర్చిన చదువును దాచినది; అదియు చదువు చెప్పు తండ్రికి కనబడకుండ దాచినది. దీనిని మించిన శిక్ష ఉపాధ్యాయునకు వేరొకటి కలదా? ఆనాడు నాకు చేతిరుమాలు జ్ఞప్తికి వచ్చినది. పదునైదేండ్ల క్రిందటి పిడికిలి జ్ఞప్తికి వచ్చినది.

అప్పుడు నేను చేయదగిన పని మొదట చేయలేదు. పుస్తకములు తిరుగవేయ నారంభించితిని; అది చదువుకొన్నవాని బలహీనత. అయినను అందు తెలిసికొన్నవి కొన్ని చెప్పదగినవి యున్నవి. లోకమున నించుమించుగా నూటికి పదిమంది ఎడమచేతివారు. నలువదిమంది గల తరగతిలో నలుగురుందురన్నమాట. ఇంగ్లండులో 1900వ సంవత్సర ప్రాంతమున పుట్టినవారిలో ఎడమచేత వ్రాయువారు నూటికి ముగ్గురో నలుగురో మాత్రమే. ఆ దేశముననే తరువాతి తరములలో ఆ సంఖ్య పదికి చేరినది. పుట్టుకలు మారలేదు, బడిలో బెత్తము దిగినది, అంతియే. తల్లిగర్భములో నున్న శిశువులను స్కానింగు యంత్రముతో పరిశీలించినవారు, చాలమంది శిశువులు కుడి బొటనవ్రేలును, కొందరు ఎడమ బొటనవ్రేలును నోటనుంచుకొనుటను అప్పటికే కనిపెట్టిరి. ఇట్లు భూమిమీద పడకముందే మొదలైన వాటమును మనము మొండితన మందుము, దురభ్యాస మందుము, తల్లి గారాబ మందుము.

మెదడులోని కుడిభాగము ఎడమచేతిని, ఎడమభాగము కుడిచేతిని నడపునని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. బలవంతముగా చేయి మార్పింపబడిన పెద్దలు కుడిచేత వ్రాయుచున్నపుడు వారి మెదడు చిత్రములు తీసి చూడగా, కుడిభాగము తన పాతపనిని పూర్తిగా మానలేదట. చేతిని కట్టవచ్చును గాని, దాని వెనుకనున్న యజమానిని కట్టజాలమన్నమాట. ఎడమచేతివారు మందబుద్ధులను మాటకును, మహామేధావులను మాటకును నాకు ఆధారము కనబడలేదు. వారు మనవంటివారే, వారిలో తెలివిగలవారును, తెలివిలేనివారును గలరు. సచిన్ తెందూల్కరు బ్యాటు కుడిచేతివాటమున పట్టును, సంతకము ఎడమచేత పెట్టును. దానివలన పరుగులు పెరుగలేదు, తరుగలేదు. పొగడ్త యవసరము లేదు, అడ్డుతగులకున్న చాలును.

పుస్తకములు మూసి తరువాత చేసిన పని నాకు నిజముగా చదువు చెప్పినది. నేనే ఎడమచేత వ్రాయ పూనుకొంటిని. నలువదిదినములు, దీక్షవలె, ప్రతిదినమును ఒక పుట వ్రాయవలెనని నియమము పెట్టుకొంటిని. మహాత్ముడు 1909వ సంవత్సరమున లండను నుండి దక్షిణాఫ్రికాకు ఓడలో పోవుచు "హింద్ స్వరాజ్" వ్రాసినపుడు, కుడిచేయి అలసినంతనే ఎడమచేత వ్రాసెనని చదివియుంటిని. ఆయనకైనది నాకేల కాకూడదని ధైర్యము. మొదటిదినముననే ఆ ధైర్యము జారినది. నా పేరు వ్రాయుటకు ఊపిరి బిగబట్టవలసి వచ్చెను. తలకట్టు పెట్టబోయిన కొమ్ము అగును. వట్రసుడి చుట్టబోయిన గీత ఎటో పోవును. మెడ వంగినది, దవడ బిగిసినది. పక్కనుండి నా భార్య ఏదో యడిగినది; నాకు వినబడలేదు. చెవి చెవిటిదై కాదు, మనస్సంతయు పోయి వ్రేళ్లలో కూర్చున్నది.

తొమ్మిదవనాడు మా యమ్మాయి నాకు ఉక్తలేఖనము చెప్పినది. అది నోటికి వచ్చిన మాటలు చెప్పుచు, నేను ఎడమచేత వ్రాయుచు, ఇట్లొక పావుగంట గడచినది. "త్వరగా, మాస్టారూ!" అని గద్దించి నవ్వినది. తరువాత "ఏడెనిమిదులెంత?" అని నన్ను పరీక్షించినది. ఎక్కములు చెప్పి బ్రదుకువాడను, కలము కాగితముమీద నుండగా జవాబు చెప్పలేక తడబడితిని! ఆ క్షణమున నాకు ఆ తొమ్మిదేండ్ల బాలుడు కనబడెను. వాని చేయి ఎందుకు లేవలేదో తెలిసినది. వాని బుద్ధి ఎక్కడికిని పోలేదు. నేను దానిని కుడిచేతి వ్రేళ్లకు కాపలాగా పెట్టితిని. నేను నలువదిదినములు, ఇష్టపూర్వకముగా, మానుకొనదలచిన మానుకొనునట్లు చేసినదానిని వాడు సంవత్సరమంతయు, పిడికిలికి రుమాలు కట్టుకొని, నలువదిమంది యెదుట చేసినాడు. దానికై నేను వాని తల్లిచేత నమస్కారము చేయించుకొంటిని. మా యమ్మాయి ఆ దినమున నాకు నూటికి ముప్పది మార్కులు వేసినది. అవియు దయతో వేసినవే.

మరునాటినుండి బిడ్డ ఎడమచేత వ్రాయసాగినది. వదలివేసినంతమాత్రమున పని ముగిసినదని మాత్రము అనుకొనరాదు. "నీ యిష్టమువచ్చినట్లు వ్రాసికొ"మ్మని చేతులు దులుపుకొనుట దయ గాదు, అశ్రద్ధ. ఎడమచేతివానికి వ్రాత నేర్పుటకు వేరు పద్ధతి కావలెను. మన లిపి ఎడమనుండి కుడికి సాగును గనుక, కుడిచేయి కలమును లాగుకొనిపోవును; ఎడమచేయి నెట్టుకొనిపోవలెను. పైగా తాను వ్రాసినదానిమీదనే దాని అరచేయి పోవుటచే పలకమీది అక్షరము చెరగును, కాగితముమీది సిరా అలుకుకొనును. కొందరు పిల్లలు దీనికి జంకి, చేతిని గీతకు పైనుండి కొక్కెమువలె వంచి వ్రాయుదురు; మణికట్టు నొచ్చును.

కుడిచేతివాడు కాగితము పైయంచును కొంచెము ఎడమకు వంచుకొనునట్లు, ఎడమచేతివాడు దానిని కుడికి వంచుకొనవలెను. కాగితము రొమ్మున కెదురుగా గాక కొంచెము ఎడమగా నుండవలెను. కలమును మొనకు అంగుళముపైన పట్టినచో వ్రాసిన యక్షరము కంటికి కనబడును. చేయి గీతకు క్రిందుగా నుండవలెను. దీపము కుడివైపున నుండవలెను. లేకున్న తన చేతినీడ తన వ్రాతమీదనే పడును. త్వరగా నారెడు సిరాగల కలము కొనియివ్వవలెను. బిడ్డ వెనుక కూర్చుండి చేయి పట్టి దిద్దించు మన పద్ధతి ఇచ్చట పనికిరాదు. నేను ఎదురుగా కూర్చుండి గాలిలో వ్రాసి చూపితిని. అద్దములో చూచినట్లు నా కుడిచేతి కెదురుగా దాని ఎడమచేయి వచ్చును. అక్షరము మాత్రము దానివైపు నుండి సరిగా కనబడునట్లు నేనే కుడియెడమలు తారుమారుగా వ్రాయ నేర్చుకొనవలసివచ్చెను. మొదటిదినములలో అది ఒకటి రెండక్షరములు కుడియెడమలు తారుమారుగా వ్రాసినది. భయపడితిని. ఆ వయస్సున కుడిచేతి పిల్లలును అట్లే వ్రాయుదురనియు, దానంతటదియే సర్దుకొనుననియు తరువాత తెలిసినది, అట్లే సర్దుకొన్నది.

కత్తెర సంగతియు చెప్పవలెను. మామూలు కత్తెరను ఎడమచేత పట్టినచో కత్తిరింపవలసిన గీత పైయలుగు వెనుక దాగును. పిల్ల వంకరగా కత్తిరించినదని మనము తిట్టుదుము. వంకర కత్తెరలో నున్నది. ఎడమచేతి కత్తెరలు వేరుగా దొరకును. ఒకటి తెచ్చియిచ్చినంతనే మా యింట కాగితపు పూలకు కరవు లేకపోయినది.

ఇంతవరకు మా అమ్మ ఏమియు ననలేదు. వ్రాత పంతులుగారి వ్యవహారమని ఊరకున్నది. భోజనము దగ్గరకు వచ్చుసరికి ఊరకుండలేదు. "వ్రాసుకోనీ. అన్నం మాత్రం ఆ చేత్తో తినడానికి వీల్లేదు" అన్నది. నేను శాస్త్రము చెప్పబోయితిని. ఆమె నన్ను చూచి, "నాయనా, నువ్వు పుస్తకం చూసి చెబుతున్నావు. రేపు పెళ్లి పంక్తిలో దాని పక్కన కూర్చున్నవాళ్లు పుస్తకం చూడరు, దీని చెయ్యి చూస్తారు" అన్నది. ఆ మాటలో పిడివాదము కంటె ప్రేమయే యెక్కువగా నుండెను. ఒక చేయి శౌచమునకు, మరియొక చేయి భోజనమునకు కేటాయించుకొనుట నీటికి కటకటయైన కాలమున పెద్దలు చేసికొన్న తెలివైన యేర్పాటు. ఇప్పుడు సబ్బుతో రెండు చేతులును కడుగుకొనుచున్నాము. కారణము వదులైనది, మర్యాద మిగిలినది. మర్యాదను ఒక్కదినమున తీసివేయుట నాకును చేతకాదు.

కావున నేనును కొంత దిగితిని. పంక్తిలో కుడిచేత తినుటను బిడ్డ నేర్చుకొన్నది. అన్నము కలుపుట అక్షరము దిద్దుటవంటి సూక్ష్మపు పని కాదు గనుక దానికంత కష్టము కాలేదు. ఎవరును తొందరపెట్టకుండుటచే ఏడుపును రాలేదు. రాత్రి పెరుగన్నము దగ్గర, నిద్రమత్తులో, చేయి తనంతట మారిపోవును. మా అమ్మ ఆ సమయమునకు గోడవంక చూచుట అలవాటు చేసికొన్నది.

ఇచ్చిపుచ్చుకొనుటకు ఉపాయము కనిపెట్టినదియు మా అమ్మయే. ఒకనాడు దేవాలయమున అర్చకుడు ప్రసాదము పెట్టబోగా బిడ్డ ఎడమచేయి చాపినది. ఆయన చేయి వెనుకకు తీసికొనెను. బిడ్డ మొగము చిన్నబోయినది. అప్పుడు మా అమ్మ దాని కుడిచేతిని తెచ్చి ఎడమచేతిలో నుంచి, "రెండు చేతులూ పట్టు అమ్మలూ. పెద్దవాళ్ల దగ్గర ఏది పుచ్చుకున్నా, ఎవరికి ఏది ఇచ్చినా రెండు చేతులూ పట్టాలి. అదే అసలు మర్యాద" అన్నది. అర్చకుడు నవ్వి ప్రసాదము పెట్టెను. నాకు నోట మాట రాలేదు. శాస్త్రములు చదివి నేను వెదకినది మా అమ్మకు వంటింటిలోనే దొరకినది. తీర్థము పుచ్చుకొనునపుడు గూడ కుడి అరచేతికి ఎడమచేయి ఆధారముగా నుండునే యున్నది గదా! అది క్రిందనుండుటచే మనము దానిని లెక్కకు తీసికొనము.

క్రిందనుండి పనిచేయుచు లెక్కకు రాని చేయి అది. వీణ మీటునది కుడిచేయి. మెట్లమీద స్వరమును పలికించి గమకమును తిప్పునది ఎడమచేయి. తాళపత్రముల కాలమున గంటము పట్టినది కుడిచేయి. ఆకును పట్టి, బొటనవ్రేలితో గంటమును నిలిపి, వ్రాత సాగునట్లు చేసినది ఎడమచేయి. మన పురాణములన్నియు ఆ చేతిమీదుగనే మనకు దిగివచ్చినవి. అర్ధనారీశ్వరునిలో అమ్మవారిది ఎడమభాగము. ఆడువారికి ఎడమకన్నదరుట శుభమని శకునములు చెప్పువారే యందురు. ఇంతటి యాదరము మన సంప్రదాయముననే యుండగా, దానిలోనుండి బెత్తము నొక్కదానిని ఏరుకొన్నది మనము. సంప్రదాయమును సాకుగా చెప్పుట సులభము. ముప్పదితొమ్మిది చేతులకు చెప్పినట్లే నలువదవ చేతికిని చెప్పుట ఉపాధ్యాయునకు ఇంకను సులభము. నా సంగతిలో జరిగినది ఈ రెండవదియే.

2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము, పదునేడవ విభాగమున, బడిలో పిల్లలను కొట్టుటనే గాక మానసికముగా వేధించుటను గూడ నిషేధించినది. ఆ విభాగమును నేను చదివినపుడు కొట్టువారికై వ్రాసినదనుకొంటిని. రుమాలు కట్టువాడును అందులోనికి వచ్చునని తెలిసికొనుటకు నా బిడ్డ పలక తుడువవలసివచ్చినది.

ఇప్పుడు నా తరగతిలో ఎడమచేతి పిల్లలను బల్లకు ఎడమకొనను కూర్చుండబెట్టుదును. అప్పుడు ప్రక్కవాని మోచేయి తగులదు. "వీడు నన్ను పొడుచుచున్నా"డను ఫిర్యాదు సగము తగ్గినది. కొన్ని విద్యాలయములలో కుర్చీలకు వ్రాతపలక కుడివైపుననే బిగించియుండును. అట్టిచోట పరీక్ష వ్రాయు ఎడమచేతి విద్యార్థి మూడుగంటలు నడుము మెలిపెట్టుకొని వ్రాయవలెను. కుర్చీలు కొనునపుడు పదింట నొకటి ఎడమవైపు పలకగలది కొనుట పెద్ద సంస్కరణ కాదు. దానికి సభలు, తీర్మానములు అక్కరలేదు. కొనువాని కొకమాట చెప్పిన చాలును.

మా యమ్మాయి ఇప్పుడైదవ తరగతి ముగించినది. వ్రాత నావ్రాతకంటె బాగుగనే యుండును. అంకెలు మాత్రము కొంచెము కుడికి వాలును. నోరు ఎక్కువ. ఆ నోరు విన్నపుడెల్ల నాకు సంతోషమును, వెంటనే వేరొక నోరు జ్ఞప్తికి వచ్చుటచే బాధయు కలుగును. ఆ బాలునకిప్పుడు ముప్పదేండ్లకు సమీపించియుండును. ఎదురుపడిన నేను గుర్తుపట్టలేను. క్షమింపుమని యడుగుటకు చిరునామా లేదు. ఇది వ్రాయుటవలన ఆ ఋణము తీరునని నేననుకొనను.

కాని ప్రతియేడు జూన్ మాసమున బడి తెరచిన మొదటివారమున నేనొక పని చేయుదును. ఎవరు ఏ చేత వ్రాయుదురో చూపుడని పిల్లల నడుగుదును. కుడిచేతులు గబగబ లేచును. రెండు మూడు చేతులు బల్లక్రిందికి పోవును. నేను తొందరపడను. హాజరు పిలిచి, కిటికీ తెరచి, నల్లబల్లమీద నా పేరును ఎడమచేత వ్రాయుదును. అక్షరములు వంకరగా వచ్చును; పిల్లలు నవ్వుదురు. ఆ నవ్వులో బల్లక్రింది చేతులొకటొకటిగా పైకి వచ్చును. గడచిన జూన్‌లో ఒక పిల్ల మాత్రము మూడుదినములు తీయలేదు. నాలుగవదినమున నా బల్లయొద్దకు వచ్చి, ఎవరును వినకుండ, "నాది కూడా అదే చెయ్యి మాస్టారూ. ఇంట్లో చెప్పకండి" అన్నది.

చదువరులారా, మీ యింట మూడు నాలుగేండ్ల బిడ్డ యున్నచో, పదిదినములపాటు ఏమియు ననక, అది చెంచాను ఏ చేత నందుకొనునో, బంతిని ఏ చేత విసరునో చూడుడు. అక్షరాభ్యాసమునాడు పసుపుకొమ్మును ఆ చేతికే యిండు. పళ్లెములో బియ్యమునకు కుడి లేదు, ఎడమ లేదు.